డబ్బాకూ డబ్బాకూ మధ్య

లియోటా బ్రాండ్‌వోల్డ్ బండి సీటు బుధవారం మధ్యాహ్నం రోడ్డు పక్క నూట అరవయ్యో ఉత్తరాల డబ్బా దగ్గర విరిగింది. విరగడమంటే ఏదో మర్యాదగా కుంగడం కాదు. లోపలి స్ప్రింగు ఒకటి రెక్సిన్ చీల్చుకుని బయటికొచ్చి ఆవిడ పాంటు పట్టుకుంది. ఆ వెంటనే కింది ఇనుప చట్రం ఫట్‌మని రెండు ముక్కలైంది. మిగిలిన నూట యాభై రెండు ఇళ్ల ఉత్తరాలూ అలా ఒక పక్కకి ఒరిగి కూర్చునే పంచి, నాలుగున్నరకి ఆర్డెల్ వీగాండ్ కొట్టు ముందు బండి ఆపింది.

ఆర్డెల్‌ది సీట్లు కుట్టే పని. ట్రాక్టర్ల సీట్లు, చర్చి బల్లల మీది మెత్తలు, చిరిగిన సోఫాలు, ఏదైనా సరే. అరవై నాలుగేళ్లు. భార్య పోయి ఆరేళ్లయింది. కొట్టు వెనకే రెండు గదుల్లో ఉంటాడు. లియోటా రూటులో అతని డబ్బా రెండు వందల పదకొండోది.

"ఆర్డెల్, సీటు పోయింది."

"మనిషివి బాగానే ఉన్నావు కదా, అది చాలు."

"మనిషికేం, రాయిలా ఉన్నాను. సోమవారం కోడిపిల్లలొస్తాయి. అదీ నా బాధ."

మార్చి ఆఖరుకి మా డకోటాలో గుడ్లు పొదిగించేవాళ్లు రోజు వయసు కోడిపిల్లల్ని చిల్లుల అట్టపెట్టెల్లో పెట్టి పోస్టులో పంపుతారు. పెట్టెకి వంద. అవి దారి పొడుగునా కిచకిచలాడుతూనే ఉంటాయి, చలి తగిలితే సాయంత్రానికి ఉండవు. లియోటాకి సెలవైతే రూటు తిరిగే కుర్రాడిది చిన్న కారు. అందులో పది పెట్టెలు కూడా పట్టవు.

పెట్టెల సంగతి అలా ఉంచితే, అసలు ముప్పు వేరే ఉంది. పల్లె రూటు ఉత్తరాలు పంచేవాళ్లు సొంత బండి తెచ్చుకోవాలన్నది ఒప్పందంలో మొదటి మాట. ఆ సాయంత్రం పోస్టుమాస్టరు రెన్‌షా ఫోన్ చేసి సూటిగా చెప్పాడు. "సోమవారం పొద్దున ఏడింటికి బండి చూస్తాను లియోటా. సరిగ్గా ఉంటే నీ రూటు నీదే. లేకపోతే నా చేతుల్లో లేదు, వేరేవాళ్లకి ఇచ్చెయ్యాలి." రెన్‌షా చెడ్డవాడు కాదు.

ఆ రూటు పొడవు తొంభై నాలుగు మైళ్లు, ఇళ్లు మూడు వందల పన్నెండు. లియోటా ముప్పై ఒక్క ఏళ్లుగా తిరుగుతోంది. ఇరవై ఎనిమిదో ఏట, తండ్రి పాల పశువుల్ని అమ్మేసిన నెలలో మొదలుపెట్టింది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి, "మూడు వందల పన్నెండు కాపురాలు చూస్తున్నాను, ఇంకొకటి దేనికి?" అనేది. మంచు తోసే బండి రాత్రి పడగొట్టిన డబ్బాల్ని పారతో తవ్వి నిలబెట్టి మరీ ఉత్తరాలు వేసేది. ఒక ముసలాయన డబ్బాలో నిన్నటి పేపరు అలాగే ఉందని బండి దిగి వెళ్లి చూస్తే, ఆయన వంటగదిలో తుంటి విరిగి పడి ఉన్నాడు. ఆయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఆ సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ ఆవిడ చెప్పదు. ఎవరైనా ఎత్తితే, "పేపరు తియ్యకపోతే నా ఉత్తరాలకి చోటు లేదు, అందుకని వెళ్లాను," అంటుంది.

ఆవిడ బండి డెబ్బై ఒకటి మోడల్ పికప్పు. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి బల్లలా ఒకటే సీటు. స్టీరింగు ఎడమవైపు, రోడ్డు పక్క డబ్బాలు కుడివైపు. అందుకని రూటువాళ్లు కుడి కిటికీ దగ్గర కూర్చుని, ఎడమ కాలు అటు చాచి పెడల్ తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడి చేత్తో ఉత్తరాలు వేస్తారు. ఎడమవైపు, డ్రైవరు కూర్చోవలసిన చోట, ఉత్తరాల ట్రేలు దర్జాగా కూర్చుంటాయి. లియోటా ఆరడుగులకి అంగుళం తక్కువ. ఆ కాళ్లు దేవుడు ఈ పనికే ఇచ్చాడని రెన్‌షా అంటుండేవాడు.

శనివారం దాకా రూటు ఆ కుర్రాడికి అప్పగించి, గురువారం ఆవిడ జిల్లా కేంద్రానికి వెళ్లి అమ్మకానికున్న బళ్లన్నీ చూసొచ్చింది. ప్రతిదాంట్లోనూ రెండు కుర్చీల సీట్లు, మధ్యలో కాఫీ కప్పులు పెట్టుకునే పెద్ద పెట్టె. "ఇంట్లో గోడ కట్టినట్టు కట్టారు ఆర్డెల్," అని ఫోన్‌లో వాపోయింది. "నా కాలు ఎటు నుంచి పోనివ్వాలి, కప్పులోంచా?" ఆర్డెల్ నవ్వాడు గానీ, ఫోన్ పెట్టాక నవ్వు ఆగిపోయింది. ఆ బల్ల సీటు కుదిరితేనే ఆవిడకి రూటు ఉంటుందని అతనికి అర్థమైంది.

అతను అదే రోజు పాత బళ్ల యార్డుకి వెళ్లి, అదే మోడల్ పికప్పు నుంచి ఒక సీటు విప్పి తెచ్చాడు. బట్టంతా ఎలుకలు కొట్టేశాయి, చట్రం మాత్రం గట్టిగా ఉంది. శుక్రవారం సాయంత్రం దాకా దాని పని మీదే ఉన్నాడు. ఎలాగూ చేస్తున్నాం కదా, ఆవిడకి తగ్గట్టు చేద్దామనుకున్నాడు. రోజంతా కుడివైపు కూర్చునే మనిషి, అరవై దగ్గరపడుతున్న నడుము. అందుకని కుడివైపు ఫోమ్ రెట్టింపు వేసి, రెండు పక్కలా ఎత్తుగా దిండ్లలా కుట్టి, మనిషిని ఒడిలో పెట్టుకునేలా గూడు చేశాడు. పైన బూడిదరంగు మందపాటి ఉన్నిబట్ట, అంచుకి ఎర్ర పైపింగు. తన నలభై ఏళ్ల పనిలో అంత అందమైన సీటు కుట్టలేదనుకున్నాడు. ఆ మాట నిజమే.

బిగించడం మాత్రం మాటలు కాదు. పాత సీటుని పట్టి ఉంచిన నాలుగు బోల్టుల్లో మూడు తుప్పుతో నేలకి అంటుకుపోయాయి. ఆర్డెల్ బండి కింద వెల్లకిలా పడుకుని నట్టు పట్టుకుంటే, లియోటా పైన స్పానర్ తిప్పింది.

"తిప్పు."

"తిప్పుతున్నాను."

"అటు కాదు తల్లీ, ఇంకా బిగిస్తున్నావు!"

"కింద నుంచి అరిస్తే నాకు అటేదో ఇటేదో ఎలా తెలుస్తుంది?"

నాలుగోది కోసి తియ్యాల్సి వచ్చింది. కొత్త సీటుని కుడి తలుపులోంచి ఏటవాలుగా దూర్చి, పట్టాల మీదికి జరిపి, నాలుగు కొత్త బోల్టులూ బిగించేసరికి ఆరయింది. లియోటా ఎక్కి కుడివైపు గూట్లో కూర్చుంది. అరచేత్తో బట్టని నిమిరింది. "ఆర్డెల్, ఇంత మంచి కుర్చీ మా ఇంట్లో కూడా లేదు," అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

బండి కదిలింది. కొట్టు ముందు చుట్టూ తిరిగి రోడ్డెక్కబోయింది. ఆగవలసిన చోట ఆగలేదు. ఆవిడ కాలు బ్రేకు దాకా చేరడానికి అర క్షణం ఆలస్యమైంది. ముందు బంపరు వెళ్లి రెండు వందల పదకొండో డబ్బాని కర్రతో సహా పడుకోబెట్టింది.

ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. ముప్పై ఒక్క ఏళ్లలో లియోటా బండి ఒక్క డబ్బాని తాకలేదు. పడ్డవాటిని నిలబెట్టడమే తప్ప.

"నా తప్పే," అంది ఆవిడ. "పరధ్యానంలో ఉన్నాను. సీటు చాలా బాగుంది." పార అడిగి తీసుకుని డబ్బాని మళ్లీ నిలబెట్టింది. తర్వాత బండెక్కి, రూటు మనిషి చెయ్యని పని ఒకటి చేసింది. అందరిలా ఎడమవైపు, స్టీరింగు ముందు కూర్చుని, పది మైళ్ల వేగంతో ఇంటికి వెళ్లిపోయింది. ఆర్డెల్‌కి అది కళ్లలో కారం కొట్టినట్టయింది. సీటు బాగుంటే అటు ఎందుకు కూర్చుంది?

పాత సీటు కొట్టు వెనక గోడకి ఆనించి ఉంది. వెళ్లి మసక వెలుతురులో దాన్ని చూశాడు. బుధవారం కూడా చూశాడు, కానీ విరిగింది చూశాడు గానీ అరిగింది చూడలేదు. కుడి చివర ఒక్కచోటే గుంట పడి ఉండాలని అతని లెక్క. అలా లేదు. నడిమధ్య నుంచి కుడి అంచు దాకా జానెడు వెడల్పున రెక్సిన్ నున్నగా, అద్దంలా మెరుస్తోంది. ఒక చోట కూర్చుని అరగ్గొట్టిన సీటు కాదది.

శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"నిజం చెప్పు లియోటా."

"బాగుందన్నాను కదా."

"బాగుంటే నా డబ్బా ఎందుకు పడింది?"

"కదలనివ్వట్లేదు ఆర్డెల్," అంది చివరికి. "నువ్వు అంత కష్టపడి కుట్టావు, ఎలా చెప్పను?"

"నువ్వు కుడివైపు కూర్చుంటావు కదా!"

"నీ డబ్బా దగ్గర."

"మరి మిగతాప్పుడు?"

"మిగతాప్పుడు ఎవరు చూశారు?"

నిజమే. మూడు వందల పన్నెండు ఇళ్లవాళ్లూ ఆవిడని రోజూ చూస్తారు, ఎవరి డబ్బా దగ్గర వాళ్లు. అక్కడ ఆవిడ ఎప్పుడూ కుడి కిటికీలోనే ఉంటుంది. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మధ్య ఆవిడ ఎలా ఉంటుందో చూసిన మనిషి జిల్లాలోనే లేడు. తనకి అంతా తెలుసనుకుని గూడు కట్టేశాడు. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

"రేపు చర్చి అయ్యాక బండి తీసుకురా," అన్నాడు. "పాత సీటు కింద చెక్క కొట్టి మళ్లీ బిగిస్తాను. నన్ను రూటు తిప్పు."

"ఎక్కడ కూర్చుంటావు? ఎడమవైపు కూర్చుంటే నా కాలికి అడ్డం."

"వెనక తొట్టిలో. వెనకద్దం ఉంది కదా."

"గాలికి చస్తావు."

"చస్తే పోస్టులో పంపించు."

ఆదివారం పదకొండింటికి, చెవుల టోపీ పెట్టుకుని, భార్య కుట్టిన బొంత కప్పుకుని, ఆర్డెల్ తొట్టిలో ఒక గడ్డిమోపు మీద కూర్చున్నాడు. ముక్కు వెనకద్దానికి ఆనించాడు. ఉత్తరాలు లేని రోజైనా లియోటా ప్రతి డబ్బా దగ్గరా ఆగి మూత తాకి వెళ్లింది. అలా చెయ్యకుండా రూటు తిరగడం తనకి రాదంది.

అప్పుడు చూశాడు. డబ్బా దగ్గర కుడి కిటికీకి ఆనుకుని, ఎడమ కాలు కొస దాకా సాగి బ్రేకు మీద ఉంటుంది. మూత పడగానే ఒక్క జారుడుతో సీటు మధ్యకి వస్తుంది. అక్కడ కాలు హాయిగా పెడల్‌కి అందుతుంది, రోడ్డు రెండు పక్కలా కనపడుతుంది. ఆవిడ వేగం పెంచేది అక్కడి నుంచే. తర్వాతి డబ్బా వస్తోందనగా, ఆగకుండా, స్టీరింగు వదలకుండా మళ్లీ కుడికి జారుతుంది. బండి డబ్బాకి జానెడు దూరంలో ఆగుతుంది. ఆర్డెల్ జారుళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందల దగ్గర ఆపేశాడు. మొత్తం ఆరు వందల పైమాటే. రోజుకి. ఆదివారాలు మినహా ముప్పై ఒక్క ఏళ్లు. ఆ పనికి అతను ఉన్నిబట్ట వేసి, రెండు పక్కలా గట్లు కట్టాడు!

ఇంకొకటి కూడా చూశాడు. మధ్యలోకి జారినప్పుడల్లా ఆవిడ పెదవులు కదులుతున్నాయి. డబ్బా దగ్గరికి రాగానే ఆగిపోతున్నాయి. ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. తనని తిట్టుకుంటోందేమో, తిట్టుకోనీ, పాపం, అనుకున్నాడు.

డెబ్బయ్యో డబ్బా దగ్గర హాగె అనే రైతు కంచె బాగుచేసుకుంటూ తలెత్తాడు. "ఏం సీట్లాయనా, నిన్ను కూడా పోస్టు చేసేస్తున్నారా?"

"అవును. స్టాంపులు చాలట్లేదు."

"నీకా? వెనక్కి తిప్పి పంపేస్తారు, చూస్తూ ఉండు."

ఇరవై మైళ్లు చాలనుకుని బయల్దేరినవాడు తొంభై నాలుగు మైళ్లూ తిరిగాడు. రెండున్నరకి కొట్టు ముందు దిగేసరికి మోకాళ్లు వంగలేదు. లియోటా చెయ్యి పట్టుకుని దింపాల్సి వచ్చింది. దిగిన మనిషి కాఫీ కూడా తాగకుండా లోపలికెళ్లి, కత్తెర తీసి, నలభై ఏళ్లలోకెల్లా అందమైన తన సీటుని నిలువునా చీల్చేశాడు.

"అయ్యో!" అంది లియోటా.

"అయ్యో లేదు, గియ్యో లేదు. ఆ రెక్సిన్ చుట్ట ఇలా అందుకో."

దిండ్లు కోసేశాడు. ఫోమ్ అంతా ఒకే మట్టానికి తెచ్చి, ముందు అంచుని మాత్రం చెక్కి వాలుగా చేశాడు, చాచిన కాలు తొడ దగ్గర ఒరుసుకోకుండా. నల్ల రెక్సిన్ ఒకటే ముక్క, ఈ చివర నుంచి ఆ చివరికి, మధ్యలో ఒక్క కుట్టు లేకుండా లాగి బిగించాడు. పైపింగు లేదు, గీత లేదు. అలా ముడత పడకుండా లాగడం రెండు చేతుల పని కాదు. లియోటా ఒక వైపు పట్టుకుని వెనక్కి వాలితే, అతను అంచుని ఇనుప రింగులతో చట్రానికి నొక్కి పట్టించాడు. చూడటానికి అది చర్చి బల్ల కన్నా సాదాగా ఉంది.

కానీ కొత్త రెక్సిన్ జారదు, పట్టుకుంటుంది. లియోటా కూర్చుని కదిలితే కీచుమంది. ఆర్డెల్ మైనం ముద్ద తెచ్చి పాముతూ, "పాంటుతో అరగాలి. జరుగు, నేనూ వస్తాను," అన్నాడు. కొట్టు మధ్యలో నేల మీద పెట్టిన సీటు మీద అరవై నాలుగేళ్ల మనిషీ యాభై తొమ్మిదేళ్ల మనిషీ అటూ ఇటూ జారడం మొదలుపెట్టారు. కాసేపటికి ఇద్దరూ ఒకరికొకరు ఎదురొచ్చి గుద్దుకున్నారు.

"రూటులో ఎదురు బండి ఉండదు ఆర్డెల్, పక్కకి తప్పుకో!"

"నువ్వే హారన్ కొట్టలేదు!"

కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. భార్య పోయాక ఆ కొట్టులో అంత నవ్వు వినపడలేదని ఆర్డెల్‌కి అనిపించింది. వెలుతురు పోయేలోగా నాలుగు బోల్టులూ బిగించేశారు. ఈసారి స్పానర్ అటా ఇటా అని ఎవరూ అరవలేదు. ఆవిడ కుడివైపు నుంచే బండి నడుపుకుంటూ వెళ్లింది. రోడ్డు మలుపు దగ్గర బ్రేకు దీపం సరిగ్గా వెలగవలసినప్పుడు వెలిగింది.

సోమవారం ఏడింటికి రెన్‌షా సీటు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. పట్టుకుని ఊపాడు. కింద వంగి బోల్టులు చూశాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. లియోటా చెప్పింది. రెన్‌షా కాగితం మీద సంతకం పెట్టి, నలభై మూడు పెట్టెల కోడిపిల్లలున్న వైపు బొటనవేలు చూపించాడు. "పద మరి, చెవులు పగిలిపోతున్నాయి."

ఆ ముక్క ఫోన్‌లో విన్న ఆర్డెల్ కాళ్లు ఒక చోట నిలవలేదు. ఒంటిగంటన్నరకి కొట్టు మూసి, తన డబ్బా దాటి, రోడ్డు వెంట ఎదురు నడిచాడు. అర మైలు వెళ్లాక ఇల్లూ లేదు, డబ్బా లేదు, రెండు పక్కలా నిరుటి మొక్కజొన్న మోళ్లు మాత్రమే. అక్కడ గట్టు మీద నిలబడ్డాడు. సీటు ఎలా పని చేస్తోందో ఆవిడ డబ్బా దగ్గర కాకుండా మధ్యలో చూడాలనుకున్నాడు.

బండి వచ్చింది. మిగిలిన కోడిపిల్లల పెట్టెలు వెనక తొట్టిలో బొంతల కింద ఉన్నాయి, కుడి కిటికీ ఎప్పటిలాగే సగం దించి ఉంది. లియోటా సీటు మధ్యలో, ట్రేల పక్కన, రోడ్డునే చూస్తూ ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఈసారి వినపడింది. కిచకిచల మధ్య నుంచి, మామూలు గొంతుతో, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు: "ఆర్డెల్ వీగాండ్. ఆర్డెల్."

తర్వాతి డబ్బా అతనిదే.

ప్రతి ఇంటికీ అంతే. మూత తాకేలోగా ఆ ఇంటివాళ్ల పేరు ఒకసారి పైకి అనుకుంటుంది, ఒకరి ఉత్తరం ఒకరికి పోకుండా. తిట్లు కావవి. మామూలు వారంలో ఆర్డెల్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరున్నారు? తలుపు తట్టేవాళ్లు "ఏమండీ సీట్లాయనా" అంటారు. పేరు పెట్టి పిలిచే మనిషి పోయి ఆరేళ్లయిందని, ఇక ఎవరూ పిలవరని అతను అనుకున్నాడు. ఆ ఆరేళ్లూ, అంతకుముందు ఇరవై అయిదేళ్లూ, రోజూ ఈ అర మైలు ఇవతల, ఎవరూ లేని చోట, ఒక మనిషి అతని పేరు పిలుస్తూనే వచ్చింది.

లియోటా అతన్ని చూసి బ్రేకు వేసింది. సరిగ్గా అతని ముందు, జానెడు దూరంలో ఆగింది. కుడికి ఒక్క జారుడులో వచ్చి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఇక్కడ డబ్బా లేదు కదా ఆర్డెల్. ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు," అన్నాడు. "పిలిచావు కదా, వచ్చాను."